క్లియరెన్స్ తర్వాతి ఆడిట్‌కు కొత్త కస్టమ్స్ అధికారులను తయారు చేయడం ఎలా: విశాఖ రేవులో నడిపి చూసిన పద్ధతి

"ఆడిట్ విభాగానికి ఆరుగురు కొత్త ఇన్‌స్పెక్టర్లను ఇచ్చారు, పది పనిదినాల్లో వాళ్లను పనికి సిద్ధం చేయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" విశాఖలో ఈ బాధ్యత మీద పడిన సూపరింటెండెంట్లు, అప్రైజర్లు దాదాపు ఇవే మాటలతో నన్ను అడుగుతూ ఉంటారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు, నేను అనుసరించే క్రమాన్ని ఒకచోట రాసి పెడుతున్నాను. చట్టం చెప్పే ఉపన్యాసాలు ఇందులో తక్కువగా ఉంటాయి, చేయించవలసిన పని ఎక్కువగా ఉంటుంది.

మొదట ఒక విషయం గుర్తుంచుకోండి. సరుకు రేవు దాటి వెళ్లిపోయాక అధికారి చేతిలో మిగిలేది కాగితం, ఖాతా మాత్రమే. షెడ్డులో సరుకు తనిఖీ చేసి వచ్చిన వారికి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతిదారు కస్టమ్స్‌కు ఇచ్చే దిగుమతి ప్రకటన) నుంచి సరుకు వైపు చూసే అలవాటు ఉంటుంది. ఆడిట్ అధికారి దిగుమతిదారు చెల్లించిన ప్రతి రూపాయి దగ్గర మొదలై, అది ఏ బిల్ ఆఫ్ ఎంట్రీలోకి చేరిందో, చేరకపోతే ఎందుకు చేరలేదో వెతుక్కుంటూ వెనక్కి నడవాలి. పది రోజుల శిక్షణలో ఈ ఒక్క అలవాటు నిలబడితే మీరు మంచి పని చేసినట్టే.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- విచారణ పూర్తయి మూసేసిన పాత ఆడిట్ ఫైళ్లు, కనీసం నాలుగు. వీటిలో ఒకటి భారీ సరుకు అంటే బొగ్గు, ఎరువు ముడిసరుకు లేదా ముడిచమురు లాంటిది, ఒకటి కంటైనర్ సరుకు, ఒకటి స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద రాయితీ తీసుకున్నది, ఒకటి ఏ లోపమూ దొరకనిది ఉండాలి.
- ఆ ఫైళ్లకు సంబంధించిన లెడ్జర్ పేజీలు, ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక), బ్యాంకు చెల్లింపుల వివరాలు, డెబిట్ నోట్లు.
- కస్టమ్స్ చట్టం 1962, 2007 నాటి విలువ నిర్ధారణ నియమాలు, 2018 నాటి కస్టమ్స్ ఆడిట్ నిబంధనలు. ప్రతి శిక్షణార్థికీ ఒక్కో ప్రతి ఇవ్వండి.
- పుస్తకాల లెక్క బాగా తెలిసిన ఒక కాస్ట్ అకౌంటెంట్ లేదా చార్టర్డ్ అకౌంటెంట్, రెండు పూటల సమయం.
- రేవు లోపలికి వెళ్లడానికి ముందుగా తీసుకున్న అనుమతులు, హెల్మెట్లు, బూట్లు.

హెచ్చరిక: పాత ఫైలు తరగతి గదిలోకి వచ్చేముందు దిగుమతిదారు పేరు, ఐఈసీ (దిగుమతి ఎగుమతి కోడ్) సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, సరఫరాదారు పేరు పూర్తిగా చెరిపించండి. ఫోటోకాపీ మీద పెన్నుతో కొట్టేస్తే వెలుతురుకు పట్టి చూసినప్పుడు అక్షరాలు కనిపిస్తాయి కాబట్టి, కొట్టేసిన ప్రతిని మళ్లీ ఫోటోకాపీ తీయించండి. వ్యాపారి ధరలు అతని రహస్యం, వాటిని కాపాడడం శిక్షణార్థి నేర్చుకోవలసిన మొదటి పాఠం.

మూసేసిన ఫైళ్లు దొరకకపోతే మీరే ఒక కల్పిత దిగుమతిదారును తయారు చేసుకోవచ్చు. అయితే లెడ్జర్ కూడా కల్పించవలసి వస్తుంది కాబట్టి ఆ పనిలో అకౌంటెంటు సహాయం తప్పనిసరి. అంకెలు ఒకదానితో ఒకటి కలవని కల్పిత ఫైలు శిక్షణార్థులకు తప్పుదారి నేర్పుతుంది.

1. మొదటి రోజు రేవులోనే గడపండి

తరగతి గదిలో మొదలుపెట్టకండి. 1933లో తెరుచుకున్న విశాఖ రేవు దేశంలోని పాత రేవుల్లో ఒకటి. ఈ పక్కన గంగవరం, ఆ పక్కన కంటైనర్ టెర్మినల్, వెనక ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం, కొంచెం ఎడంగా పరవాడ మందుల పరిశ్రమలు ఉన్నాయి. ఈ ఊరికి వచ్చే దిగుమతుల స్వభావం ఈ చుట్టుపక్కలే కనిపిస్తుంది. బొగ్గు ఓడ దగ్గర నిలబడి డ్రాఫ్ట్ సర్వే (ఓడ నీటిలో ఎంత మునిగిందో చూసి సరుకు బరువు కట్టడం) ఎలా చేస్తారో, ద్రవ సరుకు తీరంలోని ట్యాంకులోకి ఎక్కాక దాన్ని ఎలా కొలుస్తారో చూపించండి. ఏ కాగితం ఎవరి చేతిలో, ఏ సమయంలో పుడుతుందో అక్కడే రాయించండి. సాయంత్రానికి ప్రతి శిక్షణార్థి దగ్గరా ఒక పట్టిక తయారవుతుంది: కాగితం పేరు, దాన్ని తయారు చేసినవారు, తేదీ, అది ఇప్పుడు ఎవరి దగ్గర దొరుకుతుంది. తర్వాత తొమ్మిది రోజులూ ఆ పట్టిక వాళ్ల బల్ల మీద ఉండాలి.

చమురు, వంటనూనె లాంటి భారీ ద్రవ సరుకు ఓడ నుంచి నేరుగా తీర ట్యాంకుల్లోకి పంపు చేసినప్పుడు, ట్యాంకులో అందిన పరిమాణమే సుంకానికి ఆధారమని 2016లో కేంద్ర ఎక్సైజ్, కస్టమ్స్ బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు ఓడవారు ఇచ్చే రసీదు) పరిమాణానికీ ట్యాంకు పరిమాణానికీ తేడా కనబడగానే అభ్యంతరం రాయడానికి తొందరపడే శిక్షణార్థికి ఈ విషయం ట్యాంకు ముందు నిలబెట్టి చెప్పండి, మరచిపోరు.

రేవులోకి అనుమతి దొరకకపోతే సర్వేయర్‌ను కార్యాలయానికి పిలిపించి, ఒక నిజమైన డ్రాఫ్ట్ సర్వే నివేదికను వరుసగా చదివించండి. అంత ప్రయోజనం ఉండదు, కానీ ఏమీ లేనిదానికంటే మేలు.

2. ఒక్క బిల్ ఆఫ్ ఎంట్రీని పూర్తిగా విప్పించండి

రెండో రోజు ఒకే ఒక్క బిల్ ఆఫ్ ఎంట్రీ ఇవ్వండి. పది ఇస్తే పైపైన చూస్తారు. దానికి జత చేసిన ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బిల్ ఆఫ్ లేడింగ్, బీమా పత్రం ఒక్కొక్కటీ ఈ-సంచిత్‌లో (పత్రాలను ఆన్‌లైన్‌లో దాఖలు చేసే కస్టమ్స్ వ్యవస్థ) ఉన్న ప్రతితో పోల్చి చూడమనండి. తర్వాత సుంకాన్ని చేత్తో లెక్క కట్టించండి.

ఉదాహరణకు సుంకం విధించదగిన విలువ 10,00,000 రూపాయలు, ప్రాథమిక సుంకం 7.5 శాతం అనుకుందాం. ప్రాథమిక సుంకం 75,000. దాని మీద 10 శాతం సామాజిక సంక్షేమ సర్‌ఛార్జి 7,500. ఐజీఎస్‌టీ (దిగుమతి మీద పడే సమీకృత జీఎస్‌టీ) 18 శాతం అయితే అది 10,82,500 మీద లెక్కించాలి, అప్పుడు 1,94,850 వస్తుంది. మొత్తం 2,77,350. సర్‌ఛార్జిని మొత్తం విలువ మీద వేసేవారూ, ఐజీఎస్‌టీని సుంకం కలపకుండా వేసేవారూ ప్రతి బృందంలోనూ కనీసం ఒకరు ఉంటారు. కంప్యూటర్ లెక్క కడుతుంది కదా అని ఈ అభ్యాసాన్ని దాటవేయకండి. విలువలో ఒక లక్ష తగ్గితే ఖజానాకు ఎంత తగ్గుతుందో నోటిమీద చెప్పలేని అధికారికి ఏ లోపం వెంటపడదగినదో తెలియదు.

ఇదే రోజు తేదీల మీద ఒక గంట కేటాయించండి. సుంకం రేటు బిల్ ఆఫ్ ఎంట్రీ సమర్పించిన తేదీని బట్టి గానీ, ఓడకు ప్రవేశానుమతి అంతకంటే తర్వాత దొరికితే ఆ తేదీని బట్టి గానీ నిర్ణయమవుతుంది. ఈరోజు అమల్లో ఉన్న నోటిఫికేషన్ తెరిచి రెండేళ్ల నాటి దిగుమతిని తప్పుపట్టడం కొత్తవారు చేసే సామాన్యమైన పొరపాటు. ప్రతి అభ్యంతరం పక్కన "ఆ తేదీన అమల్లో ఉన్న నోటిఫికేషన్ చూశాను" అని రాసి సంతకం పెట్టే గడి ఒకటి పెట్టించండి.

3. ఖాతాల భాష నేర్పండి

ఇక్కడ అకౌంటెంటు అవసరం. రెండు పూటలు ఆయనకే వదిలేసి మీరు కూడా వెనక కూర్చోండి. ఆయన పుస్తకాల సిద్ధాంతం చెప్పకుండా చూడండి. ట్రయల్ బ్యాలెన్స్ బల్లమీద పరచి, ప్రతి పద్దు దగ్గరా "ఇందులో విదేశీ సరఫరాదారుకు వెళ్లిన డబ్బు దాగి ఉండే అవకాశం ఉందా?" అన్న ప్రశ్న ఒక్కటే అడిగించండి. రాయల్టీ, సాంకేతిక రుసుము, డిజైన్ ఖర్చు, అచ్చుల ఖర్చు, కమిషన్, ఓడ కిరాయి, డెబిట్ నోట్లు, మరుసటి సంవత్సరం వచ్చిన క్రెడిట్ నోట్లు ఇలాంటి పద్దులు.

తర్వాత ఒక ఆర్థిక సంవత్సరం మొత్తానికి ఒక దిగుమతిదారు లెడ్జర్‌లోని దిగుమతి కొనుగోళ్లనూ, కస్టమ్స్ వ్యవస్థలో అదే ఐఈసీ మీద ఉన్న బిల్ ఆఫ్ ఎంట్రీలనూ పక్కపక్కన పెట్టి సరిపోల్చమనండి. జీఎస్‌టీఆర్-2బీలో (జీఎస్‌టీ పోర్టల్ ఇచ్చే ఇన్‌పుట్ క్రెడిట్ వివరం) కనిపించే దిగుమతుల పట్టిక, బ్యాంకులు చేసిన దిగుమతి చెల్లింపులను రిజర్వు బ్యాంకు 2016 నుంచి నడుపుతున్న ఐడీపీఎంఎస్‌లో చూపే వివరం, విదేశీ సంబంధిత సంస్థలతో లావాదేవీలు ఉంటే ఆదాయపు పన్ను కోసం దాఖలు చేసే 3సీఈబీ ఫారం, ఈ మూడూ సరిచూసుకోవడానికి పనికివస్తాయి. సరఫరాదారూ దిగుమతిదారూ సంబంధిత సంస్థలని 3సీఈబీలో ఉండి, బిల్ ఆఫ్ ఎంట్రీలో సంబంధం లేదని ప్రకటించి ఉంటే, అది అడగవలసిన మొదటి ప్రశ్న.

తేడా కనబడగానే తప్పు దొరికిందని అనుకోవద్దని ఇక్కడే గట్టిగా చెప్పండి. నా తొలి రోజుల్లో ఒక దిగుమతిదారు పుస్తకాల్లో కస్టమ్స్ లెక్క కంటే కొనుగోళ్లు ఎక్కువగా ఉన్నాయని పెద్ద నివేదిక రాశాను. వాళ్ల అకౌంటెంటు ఒక్క కాగితం చూపించారు: మార్చి 31 నాటికి సముద్రంలో ఉన్న రెండు ఓడల సరుకును వాళ్లు పుస్తకాల్లోకి తీసుకున్నారు, బిల్ ఆఫ్ ఎంట్రీలు ఏప్రిల్‌లో పడ్డాయి. నేను నివేదిక వెనక్కి తీసుకోవలసి వచ్చింది, వారాల శ్రమ వృథా అయింది, అవతలివారికి అనవసరమైన ఆందోళన కలిగించినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ప్రయాణంలో ఉన్న సరుకు, బ్యాంకు మారక రేటుకూ కస్టమ్స్ ప్రకటించిన రేటుకూ తేడా, హై సీ సేల్స్ (సరుకు సముద్రంలో ఉండగానే మరొకరికి అమ్మడం), తిప్పి పంపిన సరుకు అన్న నాలుగు కారణాలను వరుసగా కొట్టివేశాక మిగిలిన తేడానే నిజమైన తేడా.

4. విలువ మీద మూడు రోజులు పెట్టండి

పదిరోజుల్లో మూడు దీనికే ఇవ్వండి, ఎక్కువ అనుకోకండి. విలువ నియమాల్లో 10వ నియమం ఇన్వాయిస్ ధరకు ఏవేవి కలపాలో చెబుతుంది: కొనుగోలు కమిషన్ మినహా మిగిలిన కమిషన్లు, దిగుమతిదారు ఉచితంగా గానీ తక్కువకు గానీ సరఫరాదారుకు ఇచ్చిన అచ్చులు, డిజైన్లు, సరుకుకు సంబంధించి అమ్మకపు షరతుగా చెల్లించే రాయల్టీ, తిరిగి అమ్మాక సరఫరాదారుకు చేరే వాటా, ఇక్కడి దాకా రవాణా, బీమా. ఒక్కోదానికీ ఒక పాత ఫైలు చూపించి, లెడ్జర్‌లో అది ఏ పేరుతో ఉందో శిక్షణార్థి చేతనే పట్టించండి. రాయల్టీ ఒప్పందాన్ని చివరి దాకా చదివించండి, ఎందుకంటే "అమ్మకపు షరతు" అన్నది సాధారణంగా వెనకనున్న అనుబంధంలో ఉంటుంది.

విశాఖకు ప్రత్యేకంగా పనికొచ్చే అభ్యాసం ఓడ డెమరేజ్, అంటే ఒప్పుకున్న సమయం దాటి ఓడను ఆపి ఉంచినందుకు ఓడ యజమానికి చెల్లించేది. అద్దెకు తీసుకున్న ఓడలకు చెల్లించే డెమరేజ్ రవాణా ఖర్చులో భాగమని 10వ నియమం వివరణ స్పష్టంగా చెబుతుంది. లైటరేజ్ (పెద్ద ఓడ నుంచి చిన్న పడవల్లోకి సరుకు దించడం), బార్జ్ ఖర్చులూ అంతే. అయితే డెమరేజ్ లెక్క తేలేసరికి సరుకు క్లియరయి నెలలు గడుస్తాయి, అందుకే అది ఆడిట్‌లోనే దొరుకుతుంది. ఈ లెక్క చేయించండి:

75,000 టన్నుల బొగ్గు. చార్టర్ పార్టీ (ఓడ అద్దె) ఒప్పందం ప్రకారం రోజుకు 25,000 టన్నులు దింపాలి, అంటే 3 రోజులు. స్టేట్‌మెంట్ ఆఫ్ ఫాక్ట్స్ (రేవులో ఓడ గడిపిన సమయాల నమోదు) ప్రకారం లెక్కలోకి వచ్చిన సమయం 5 రోజుల 6 గంటలు. అదనం 2 రోజుల 6 గంటలు, అంటే 2.25 రోజులు. డెమరేజ్ రోజుకు 18,000 డాలర్లయితే 40,500 డాలర్లు. ఇప్పుడు ఈ మొత్తం ఆ బిల్ ఆఫ్ ఎంట్రీ విలువలో ఉందా? లేకపోతే, అసెస్‌మెంట్ (సుంకం మదింపు) తాత్కాలికమా, తుదిదా? తాత్కాలికమైతే తుది అసెస్‌మెంట్‌లో కలిపారా? ఈ మూడు ప్రశ్నలకూ కాగితం చూపించి జవాబు చెప్పించండి.

ఇక్కడ ఒక పెద్ద గోతి ఉంది. మన రేవు మనుషుల నోట డెమరేజ్ అన్న మాట రెండు మూడు వేర్వేరు ఖర్చులకు నడుస్తుంది. ఓడ యజమానికి చెల్లించే డెమరేజ్ ఒకటి. దించిన సరుకు గడువు దాటి రేవులో ఉండిపోతే నిల్వకు చెల్లించేది మరొకటి. కంటైనర్‌ను ఆలస్యంగా తిరిగి ఇచ్చినందుకు షిప్పింగ్ లైన్ వసూలు చేసేది ఇంకొకటి. లెడ్జర్‌లో మూడూ "డెమరేజ్" పద్దు కిందే ఉండవచ్చు. సరుకు దిగాక పుట్టిన చివరి రెండు ఖర్చులను విలువలో కలపమని అభ్యంతరం రాస్తే అది నిలవదు. అందుకే పద్దు పేరు చూసి రాయవద్దనీ, వోచర్ వెనకున్న బిల్లు ఎవరు ఇచ్చారో చూసి రాయాలనీ చెప్పండి.

రవాణా ఖర్చు తెలియనప్పుడు ఎఫ్‌ఓబీ విలువలో (అక్కడి రేవులో ఓడకెక్కించే వరకు అయ్యే ధర) 20 శాతం, బీమా తెలియనప్పుడు 1.125 శాతం తీసుకుంటారు. విమానంలో వచ్చిన సరుకుకు రవాణా ఖర్చు 20 శాతానికి మించి కలపకూడదు. ఈ గరిష్ఠ పరిమితిని ఓడ సరుకుకు కూడా వర్తింపజేసే పొరపాటు చాలామంది చేస్తారు. ఓడలో వచ్చినదానికి అసలు ఖర్చు తెలిస్తే ఆ ఖర్చే.

5. వర్గీకరణ: బొగ్గు ఫైలుతో నేర్పండి

టారిఫ్ పుస్తకం మొత్తం నేర్పే సమయం మీకు లేదు. ఒక మంచి వివాదం లోతుగా నేర్పితే మిగతావి ఎలా చూడాలో వాళ్లకే తెలుస్తుంది. 2012 మార్చిలో స్టీమ్ కోల్‌కు ప్రాథమిక సుంకం మినహాయించారు, బిటుమినస్ బొగ్గుకు 5 శాతం ఉంది. తూర్పు తీరపు రేవుల్లో స్టీమ్ కోల్‌గా ప్రకటించిన సరుకు నిజానికి బిటుమినస్ అన్న వివాదం పెద్ద ఎత్తున నడిచింది. 2013 బడ్జెట్‌లో రెండింటికీ ఒకే సుంకం పెట్టారు. ఆ వివాదం పాతదే అయినా పాఠంగా దానికి సాటి లేదు.

27వ అధ్యాయపు ఉపశీర్షిక వివరణ ప్రకారం బిటుమినస్ బొగ్గు అంటే, తేమ, ఖనిజ పదార్థం తీసివేసిన లెక్కన ఆవిరయ్యే పదార్థం 14 శాతానికి మించి, సహజ తేమతో, ఖనిజ పదార్థం తీసివేసిన లెక్కన కెలోరిఫిక్ విలువ కిలోకు 5,833 కిలోకేలరీలు లేదా అంతకంటే ఎక్కువ ఉన్నది. లోడింగ్ రేవు సర్టిఫికెట్‌లో అంకె వేరే లెక్కన ఉంటుంది. కొత్త అధికారి రెండు అంకెలనూ నేరుగా పోల్చి, "5,200 ఉంది, 5,833 కంటే తక్కువ, సరిపోయింది" అని ఫైలు మూసేస్తారు.

లెక్క ఇలా చేయించండి. సహజ తేమతో ఉన్న నమూనాలో కెలోరిఫిక్ విలువ 5,200, బూడిద 14 శాతం, గంధకం 0.6 శాతం. బూడిదను 1.08తో, గంధకాన్ని 0.55తో గుణించి కూడితే ఖనిజ పదార్థం 15.45 శాతం. మిగిలింది 84.55 శాతం. గంధకపు వేడికి సుమారు 17 తగ్గిస్తే 5,183. దాన్ని 0.8455తో భాగిస్తే సుమారు 6,130 వస్తుంది, అంటే హద్దు దాటింది. సర్టిఫికెట్‌లోని అంకె ఏ లెక్కన ఇచ్చారో చూడకుండా ఏ నిర్ణయానికీ రాకూడదన్నది ఒక్కసారి చేత్తో చేస్తే జీవితాంతం గుర్తుంటుంది. సర్టిఫికెట్‌లో "అందినప్పటి స్థితి" అని ఉంటే అందులో వాన నీరు, పైతేమ కూడా కలిసి ఉండవచ్చు కాబట్టి ఆ తేడాను ప్రయోగశాల వారిని అడిగి తేల్చుకోమనండి.

మందుల పరిశ్రమ దిగుమతులు మీ పరిధిలో ఎక్కువగా ఉంటే బొగ్గు బదులు రసాయన మధ్యస్థ పదార్థాల ఫైలు తీసుకోవచ్చు. అప్పుడు రసాయన శాస్త్రం తెలిసిన సహాయకుడు తప్పక ఉండాలి.

6. మినహాయింపులు, ఒప్పంద రాయితీలు

దీనికి ఒక పూట చాలు. మినహాయింపు నోటిఫికేషన్‌లో షరతు సంఖ్య ఉంటే ఆ షరతు చదివి, అది నెరవేరినట్టు రుజువు ఏ కాగితమో రాయించండి. ఆసియాన్ ఒప్పందం లాంటివాటి కింద తీసుకున్న రాయితీకి మూలదేశ ధ్రువపత్రం ఒక్కటే సరిపోదు. 2020 సెప్టెంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన నియమాల ప్రకారం దిగుమతిదారు ఆ సరుకు ఎలా తయారైందో, మూలదేశ ప్రమాణం ఎలా నెరవేరిందో వివరం తన దగ్గర ఉంచుకోవాలి, అయిదేళ్లు భద్రపరచాలి. ఆ వివరం అడిగి తీసుకుని చదవడం నేర్పండి.

7. నోటీసు, సందర్శన: తరగతిలోనే ఒకసారి నడిపించండి

2018లో చట్టంలో చేర్చిన 99ఏ సెక్షన్ ఆడిట్‌కు ఆధారం. లావాదేవీ ఆధారిత, అంశం ఆధారిత, దిగుమతిదారు ప్రాంగణంలో జరిగే ఆడిట్ అని మూడు రకాలు. ప్రాంగణంలో చేసేటప్పుడు కనీసం 15 రోజుల ముందు తెలియజేయాలి. ఆ ఉత్తరం శిక్షణార్థుల చేత రాయించి, ఏ సంవత్సరాలు, ఏ పత్రాలు అన్నది స్పష్టంగా ఉందో లేదో చూడండి. "అన్ని పత్రాలూ సిద్ధం చేయండి" అని రాసినవారి చేత మళ్లీ రాయించండి. ఆ ఉత్తరం మీద దాని గుర్తింపు సంఖ్య తప్పనిసరిగా ఉండాలని గుర్తుచేయండి. 2025 ఆర్థిక చట్టం తెచ్చిన 18ఏ సెక్షన్ కింద దిగుమతిదారు తనంతట తాను ప్రకటనను సవరించుకోవచ్చు, కానీ ఆడిట్ జరుగుతుందని తెలియజేశాక ఆ దారి మూసుకుంటుంది. అందుకే ఉత్తరం అందిన తేదీ ఫైలులో పక్కాగా ఉండాలి.

తర్వాత అకౌంటెంటును దిగుమతిదారు తరఫున కూర్చోబెట్టి, స్టోర్‌కీపర్‌గా మీ సిబ్బందిలో ఒకరిని పెట్టి ఒక పూట సందర్శన నడిపించండి. "రాయల్టీ ఎగ్గొట్టారా?" అని అడిగే శిక్షణార్థికి జవాబు రాదు. "ఈ యంత్రం నడపడానికి అవసరమైన డ్రాయింగులు మీకు ఎక్కడి నుంచి వచ్చాయండీ, వాటికి విడిగా ఏమైనా చెల్లించారా?" అని అడిగితే స్టోర్‌కీపర్ కూడా సంతోషంగా చెబుతారు. మాట మర్యాదగా ఉండాలి, ప్రశ్న చిన్నదిగా ఉండాలి.

హెచ్చరిక: ఆడిట్ సోదా కాదు. బీరువాలు తెరవడం, అసలు పత్రాలు రసీదు లేకుండా తీసుకోవడం, సమన్లు ఇస్తామని బెదిరించడం ఇందులో భాగం కావు. మోసం అనుమానం బలపడితే పని ఆపి పై అధికారికి చెప్పడం నేర్పండి.

8. అభ్యంతరం రాయించడం

చివరి రెండు రోజులు ఇదే. ప్రతి అభ్యంతరంలోనూ అయిదు అంశాలుండాలి: ఏ బిల్ ఆఫ్ ఎంట్రీ, ఏ పత్రంలో ఏ పేజీ, ఏ నియమం, సుంకం తేడా లెక్క, దిగుమతిదారు ఇచ్చిన వివరణ. తుది నివేదికకు ముందు అభ్యంతరాలను దిగుమతిదారుకు తెలిపి జవాబిచ్చే అవకాశం కల్పించడం నిబంధనల్లో ఉన్న బాధ్యత, మర్యాద కోసం చేసేది కాదు.

కాలపరిమితి లెక్క కూడా చేయించండి. తక్కువ పడిన సుంకానికి నోటీసు ఇవ్వడానికి 28వ సెక్షన్ కింద మామూలు కేసుకు రెండేళ్లు, కుమ్మక్కు, ఉద్దేశపూర్వక తప్పుడు ప్రకటన, వాస్తవాల దాపరికం ఉంటే అయిదేళ్లు. తాత్కాలిక అసెస్‌మెంట్ అయితే తుది లెక్క సర్దుబాటు చేసిన తేదీ నుంచి కాలం నడుస్తుంది. విశాఖకు వచ్చే భారీ సరుకులో తాత్కాలిక అసెస్‌మెంట్లు మామూలే కాబట్టి ఈ తేడా ఇక్కడ చాలా ముఖ్యం. ఆలస్యమైన సుంకం మీద వడ్డీ ఏడాదికి 15 శాతం. రెండేళ్లు దాటిపోయిందన్న ఒక్క కారణంతో "దాపరికం" అన్న మాట వాడకూడదు. ఆ మాట రాయాలంటే ఏది దాచారో, అది తెలిసి దాచారని ఏ కాగితం చెబుతోందో చూపించాలి.

2020 అక్టోబరు 31 నుంచి ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ దేశమంతటా ఉంది కాబట్టి విశాఖలో దిగిన సరుకును మరో నగరంలోని అధికారి అసెస్ చేసి ఉండవచ్చు. ఆడిట్‌లో తేలిన లోపం మీద నోటీసు ఎవరు ఇవ్వాలన్నది 2022లో చేర్చిన 110ఏఏ సెక్షన్ చెబుతుంది. నివేదికతో పాటు పత్రాలను ఆ అధికారికి పంపాలి. ఉద్రేకంలో తామే నోటీసు జారీ చేయబోయే కొత్తవారిని ఇక్కడ ఆపండి.

దిగుమతిదారు ఎక్కువ సుంకం చెల్లించినట్టు తేలితే అదీ నివేదికలో రాయించండి. వాపసుకు దరఖాస్తు గడువు ఒక ఏడాది మాత్రమే కాబట్టి ఆలస్యం చేయకుండా చెప్పడం న్యాయం. ఇలాంటి ఒక్క వాక్యం రాసిన అధికారికి మరుసటి ఏడాది పత్రాలు అడగకముందే బల్ల మీదికి వస్తాయి.

మళ్లీ మళ్లీ ఎదురయ్యే పొరపాట్లు

మీరు చేసేవి ముందు చెబుతాను. చట్టం చదివి వినిపిస్తూ మూడు రోజులు గడిపేయడం, అన్నీ లోపాలున్న ఫైళ్లే ఇవ్వడం, ఆరుగురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం. లోపం లేని ఫైలు ఎప్పుడూ చూడని శిక్షణార్థి ప్రతి ఫైలులోనూ ఏదో ఒకటి రాసి తీరాలనుకుంటారు, ఈ అలవాటు తర్వాత వదిలించడం చాలా కష్టం. ఇద్దరిద్దరు చొప్పున కూర్చోబెట్టండి, ఒకరు వెతకాలి, ఒకరు దానికి ఎదురు వాదించాలి, మధ్యాహ్నం పాత్రలు మారాలి.

వాళ్లు చేసేవి: వసూలయ్యే మొత్తం చూడకుండా చిన్న అక్షర దోషాల మీద రోజులు వెచ్చించడం, కస్టమ్స్ బ్రోకర్ చెప్పిన మాటను దిగుమతిదారు మాటగా రాసుకోవడం, స్ప్రెడ్‌షీట్‌లో డాలర్లు, యూరోలు ఒకే నిలువు గడిలో కూడేయడం, నమూనాగా పెద్ద బిల్ ఆఫ్ ఎంట్రీలనే తీసుకుని, ఒకే వస్తువు చిన్నచిన్న మొత్తాల్లో నలభైసార్లు వచ్చిన సంగతి చూడకపోవడం.

ఫలితం సరిచూసుకోవడం

పదో రోజు అందరికీ ఒకే ఫైలు ఇవ్వండి. అందులో అయిదు నిజమైన లోపాలు మీరే అమర్చండి, తప్పులా కనిపించే సరైన అంశాలు రెండు పెట్టండి. రేవు నిల్వ ఖర్చు "డెమరేజ్" పద్దులో ఉండటం, మార్చి 31 నాటి ప్రయాణపు సరుకు ఇందుకు బాగా సరిపోతాయి. నాలుగు గంటల సమయం చాలు. అయిదులో నాలుగు పట్టుకుని, రెండు ఉచ్చుల్లోనూ పడనివారు సిద్ధంగా ఉన్నట్టు. అయిదూ పట్టుకుని రెండు ఉచ్చుల్లోనూ పడినవారు ఇంకా సిద్ధం కాలేదు, ఎందుకంటే బయట వాళ్లు రాసే ప్రతి తప్పుడు అభ్యంతరం ఒక దిగుమతిదారు కాలాన్నీ, కార్యాలయం మాటకున్న విలువనూ తినేస్తుంది.

రెండో పరీక్ష రాత మీద. ఒకరు రాసిన అభ్యంతరాన్ని ఆ ఫైలు చూడని మరొకరికి ఇచ్చి, కేవలం అందులో రాసినదాని ఆధారంగా సుంకం తేడా మళ్లీ లెక్క కట్టమనండి. అదే అంకె వస్తే రాత సరిపోయింది. రాకపోతే ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో అడిగి, రాసినవారి చేతనే ఆ వాక్యం సరిచేయించండి.

మూడోది రెండు నెలల తర్వాత. వాళ్లు బయట రాసిన మొదటి అయిదేసి అభ్యంతరాలు తెప్పించుకుని, దిగుమతిదారు వివరణ తర్వాత ఎన్ని నిలిచాయో, ఎన్ని వెనక్కి తీసుకున్నారో, తీసుకున్నవాటికి కారణమేమిటో ఒక కాగితం మీద రాయండి. ఒకే కారణం ఇద్దరి ముగ్గురి దగ్గర కనబడితే ఆ లోపం మీ శిక్షణలో ఉంది. తర్వాతి బృందానికి ఆ అంశం మీద ఇంకొక పూట కేటాయించి, ఆ ఫైలునే పేర్లు చెరిపించి అభ్యాసంగా పెట్టండి.